నీ నూట పది

తేదీ పదకొండు, మంగళవారం

చిరంజీవి పిచ్చుకకు,

నిన్ను చంకనేసుకుని తిప్పిన అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వూ, మరిదీ, పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడ మీ బావా నేనూ క్షేమమే, నా రక్తం సంగతి పక్కన పెడితే.

ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో నువ్వు కిలకిలా నవ్వేస్తే నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు. నా రాత కోడి కెలికినట్టు ఉందని వెక్కిరించకు. నన్ను బడి మాన్పించి నిన్ను పంపించారు. నీలా గుండ్రంగా రాయడం నాకెలా వస్తుంది?

సూటిగా చెప్పేస్తున్నాను. నిన్ను చూస్తే నాకు కడుపు మండిపోతోంది.

నవ్వకు. కాటికి కాళ్లు చాచుకున్న వయసులో తోడబుట్టిన దాని మీద అసూయ ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా పోలేదు. అందుకే రాస్తున్నాను.

నీకు షుగరు వచ్చి రెండేళ్లు దాటింది. నాకు ఉందని ఈ మధ్యే తేలింది. ఒకే అమ్మ కడుపున పుట్టాం, ఒకే జబ్బు తెచ్చుకున్నాం. అయినా నీకు మంచి రకం వచ్చింది, నాకు చెడ్డ రకం వచ్చింది. చిన్నప్పుడు ఇద్దరికీ ఒకేసారి ఒళ్లంతా పొక్కులు లేచాయి, గుర్తుందా? నీకు వారం తిరక్కుండా మచ్చ కూడా లేకుండా పోయాయి. నా చెంపల మీద ఇప్పటికీ ఉన్నాయి. జబ్బులు కూడా నీ దగ్గరికి మర్యాదగా, చెప్పులు విప్పి వస్తాయి. నా దగ్గరికొచ్చేసరికి తలుపు తన్నుకుని వస్తాయి.

ఆ రోజు డాక్టరమ్మ నాతో మెత్తగానే మాట్లాడింది. ఇది చాలామందికి ఉండేదే, పొద్దున మాత్ర వేసుకోండి, వేళకు తినండి, కాస్త నడవండి అన్నదట. 'అన్నదట' అని ఎందుకు అంటున్నానంటే అదంతా మీ బావ తర్వాత చెప్పాడు. నాకు వినిపించింది కళ్లు, కాళ్లు, కిడ్నీలు అన్న మూడు ముక్కలే. ఇంటికొచ్చేదాకా ఆ మూడే చెవుల్లో గింగురుమన్నాయి.

అప్పటినుంచి నా బతుకు ఎలా ఉందో విను. దాహమైతే అది మామూలు దాహమా, షుగరు దాహమా అని గ్లాసు పట్టుకుని ఆలోచిస్తాను. కాలు తిమ్మిరెక్కితే అయిపోయింది అనుకుంటాను. కింద కూర్చుని అరగంట సేపు కదలకపోతే ఎవరికైనా తిమ్మిరెక్కుతుందని మీ బావ అంటాడు. రోజూ సాయంత్రం అరికాళ్ల కింద అద్దం పెట్టుకుని చూసుకుంటాను. ఇన్నేళ్లుగా టైలరు షాపులో కాజాలు కుడుతున్నాను. సూది వేల్లో దిగితే నోట్లో పెట్టుకుని చీకేసి మళ్లీ కుట్టేసేదాన్ని. ఇప్పుడు షుగరు చూసే మిషను కోసం ఒక్క బొట్టు రక్తం తియ్యాలంటే ఏ వేలని పది వేళ్లూ చూసుకుంటూ కూర్చుంటున్నాను. అది గుచ్చినందుకు కాదు, ఏం అంకె చూపిస్తుందోనని. మార్కులు చదివేటప్పుడు వెనక బెంచీ పిల్ల ఎలా నిలబడుతుందో అలా ఆ మిషను ముందు నిలబడుతున్నాను.

నూట తొంభై. రెండు వందల పది. ఒకసారి నూట డెబ్భై వస్తే పండగలా అనిపించింది.

ఇక ఆదివారం వస్తుంది. మీ బావ ఫోను స్పీకరులో పెడతాడు. నేను ఉండబట్టలేక నీది ఎంత అని అడుగుతాను. నువ్వు ఏదో కూరగాయల ధర చెప్పినట్టు, నూట పది అక్కా అంటావు. పోయిన వారం నూట పది. అంతకు ముందు వారం నూట పది. మీ బావ నా వైపు తిరిగి, తనే నీకు దగ్గరుండి నేర్పినట్టు కళ్లెగరేస్తాడు. ఫోను పెట్టేశాక మొదలవుతుంది. మరదల్ని చూసి నేర్చుకోమంటాడు. ఆ పిల్ల ఎంత ధైర్యంగా ఉందో చూడమంటాడు. ఆ పిల్లకి అరవై దాటాయని మరిచిపోతాడు.

"నీది గుండె కాదే, గంట. ఎవరూ కొట్టకపోయినా అదే మోగుతుంటుంది" అన్నాడు మొన్న. షాపులో చెబితే టైలరు కూడా నవ్వాడు. కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వాడు.

నీ కిటుకేమిటో చెప్పమని అడిగాను నిన్ను. బతిమాలినట్టే అడిగాను. నువ్వేమన్నావు? పట్టించుకోకపోవడమే కిటుకు అన్నావు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. పట్టించుకోని దానికి నూట పది, ప్రాణమంతా పెట్టి పట్టించుకునే దానికి రెండు వందలా? ఇదెక్కడి న్యాయం? నువ్వు తీపి కూడా తింటున్నావేమో, నడక కూడా మానేశావేమో, అయినా ఆ మిషను నిన్ను చూసి జాలిపడుతుందేమో అనుకున్నాను. నీకు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, రెండు వందలు వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. నీకు చెడు జరగాలని కాదు. నా పక్కన ఎవరైనా ఉంటారని.

సరే, ఇప్పుడు అసలు సంగతి. నేనూ ఒక పట్టు పట్టాను. ఈ పొద్దున నా అంకె ఎంతో తెలుసా? నూట నాలుగు. మళ్లీ చదువుకో. నూట నాలుగు. నీ కంటే ఆరు తక్కువ. మీ బావకి మిషను చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు. ఎలా తెచ్చానో చెప్పను. నువ్వు నాకు చెప్పావు గనకనా?

ఈ ఆదివారం నేను అడగను. నువ్వే అడగాలి, నీది ఎంత అక్కా అని. గట్టిగా అడుగు, మీ బావకి వినపడాలి.

మరిదికి నా మాటగా క్షేమం అడిగానని చెప్పు. పిల్లలకు దీవెనలు. రాయడానికి ఇంకేమీ లేదు, వేళ్లు నొప్పెడుతున్నాయి.

ఇట్లు,
నీ గాభరా అక్క

తా.క. శుక్రవారం

ఈ కవరు అంటించేసి మళ్లీ నేనే చింపాను. పైన రాసినదంతా అలాగే ఉంచుతున్నాను. కొట్టివేస్తే నువ్వు నన్ను మంచిదాన్ననుకుంటావు.

ఆ నూట నాలుగు ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. మాత్ర మానకుండా వేసుకున్నాను, తిండి మానేశాను. రాత్రి భోజనం ఆకలి లేదని దాటేశాను. పొద్దున మీ బావ చూస్తుండగా పళ్లెంలో పెట్టుకుని, ఆయన అటు తిరగ్గానే తీసేశాను. నీ అంకెను దాటాలని. మంగళవారం దాటాను. ఇంకా దించుదామని బుధవారం కూడా అదే చేశాను. షాపులో కాజా కుడుతుంటే గుడ్డ మీద కాజాలు రెండుగా, నాలుగుగా కనపడ్డాయి. చెమటలు పట్టేశాయి. కత్తిరించి పెట్టిన ప్యాంటు గుడ్డల మీద పడిపోయాను. టైలరూ, పక్క షాపతనూ కలిసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ నా అంకె ఎంతుందో చెప్పను, నూట పదికి సగం కూడా లేదు. డాక్టరమ్మ ఈసారి మెత్తగా మాట్లాడలేదు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు పడిపోతుంది, అది పెరగడం కంటే తొందరగా ప్రాణం తీస్తుంది, ఎవరు చెప్పారు నీకిలా చెయ్యమని అని కేకలేసింది. నీ పేరు చెప్పలేదులే.

మీ బావ భయపడి మీ ఇంటికి ఫోను చేశాడు. నిన్న మరిది ఒక్కడే వచ్చాడు. గుమ్మంలో ఆయన వెనక నీ కోసం చూశాను. నువ్వు లేవు. నాకెంత రోషం వచ్చిందో. అక్క పడిపోయిందన్నా కదల్లేదు చూడు, హాయిగా ఉన్నవాళ్లకి మా గోల ఎందుకు అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకే అన్నాను. మీ ఆవిడది నూట పది కదా, ఆవిడ మా ఇంటికి ఎందుకొస్తుందిలే అన్నాను.

మరిది టీ కప్పు కింద పెట్టేశాడు.

"మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది వదినా. ఆమె నడవలేకపోతోంది" అన్నాడు.

అప్పుడు అన్నీ చెప్పాడు. నీ అరికాలి పుండు మానడం లేదని. ఇంజెక్షన్లు మొదలుపెట్టారని. రోజూ తనే కట్టు మారుస్తున్నాడని. నీ అంకె మూడు వందలకు తగ్గడం లేదని. మొదట్లో ఒక్కసారి నూట పది వచ్చిందట, అప్పటినుంచి నాకు అదే చెబుతున్నావట. నిజం చెబితే అక్క నిద్ర మానేస్తుంది అన్నావట.

నిద్ర మానలేదు, తిండి మానాను. చూశావా నీ తెలివి?

ఒక మాట చెబుతాను, నన్ను అసహ్యించుకోకు. మరిది మూడు వందలు అనగానే ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది. నా చెల్లెలిది నా కంటే ఎక్కువ అని. ఒక్క క్షణమే. తర్వాత ఎంత ఏడ్చానంటే, మీ బావ నన్ను ఓదార్చలేక వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. ఇప్పుడు కూడా కొంచెం అసూయగానే ఉంది. మరిది నీ కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు కడతాడట. మీ బావ నా మిషనులో అంకె మాత్రం చూస్తాడు.

నేను పిరికిదాన్నని మీరంతా కలిసి నాకు మంచి కబుర్లే చెబుతారు. దానివల్ల నా భయం తగ్గలేదే పిచ్చుకా. చెడ్డ రకం నాకొక్కదానికే వచ్చిందనుకుని ఇన్నాళ్లూ ఒంటరిగా భయపడ్డాను. నువ్వు కూడా అక్కడ కాలు చాపుకుని ఒక్కదానివే భయపడ్డావు. ఫోనులో నవ్వి నవ్వి, పెట్టేశాక ఏం చేసేదానివి? మరిదిని అడిగాను. ఆయన లేచి వెళ్లి టీ కప్పు కడగడం మొదలుపెట్టాడు.

ఇంకెప్పుడూ నా భయం నాకు తగ్గించాలని చూడకు. భయపడటం నాకు వచ్చిన పని. కాజాల కంటే బాగా వచ్చు. ఆ పని నన్ను చేసుకోనీ.

ఈ ఉత్తరం, ఈ పూటే తిరిగి బయలుదేరుతున్న మరిది చేతికే ఇస్తున్నాను. ఇప్పుడు రెండు పూటలా తింటున్నాను, మీ బావ ఎదురుగా కూర్చుని చివరి ముద్ద దాకా చూస్తున్నాడు. ప్రయాణానికి డాక్టరమ్మ సరేనంది. సోమవారం నేను బయలుదేరి వస్తున్నాను, టైలరుకి చెప్పేశాను. నన్ను చూసి కాలు దుప్పటి కింద దాచుకోవద్దు. చూస్తాను. చూసి భయపడతాను, కాసేపు అరుస్తాను, నిన్ను తిడతాను. అవన్నీ అయ్యాక, కట్టు ఎలా కట్టాలో మరిదిని అడిగి నేర్చుకుంటాను.