స్వల్ప శబ్దం

అన్నయ్యకు,

మేమంతా క్షేమమని మొన్న నువ్వే టీవీలో చదివావు కాబట్టి ఆ ముక్క మళ్లీ రాయను.

మా వీధిలో నీ పేరు మారుమోగిపోతోంది. నువ్వు కోటు సర్దుకుని "ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు" అన్నావంటే చాలు, పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే వదిలేసి జనమంతా నేలమాళిగలోకి పరుగెడతారు. పక్కింటి దర్జీ నిన్ను సైరన్ అనే పిలుస్తాడు. "గవర్నమెంటు సైరన్ మోగేసరికి బాంబు పడిపోతుందమ్మా, మీ అన్నయ్య మాత్రం టైముకి మోగుతాడు" అంటాడు.

నిన్ను నమ్మింది అమ్మ ఒక్కతే. మొన్న నువ్వు ఆ మాట అనగానే అందరం లేచాం. అమ్మ కుర్చీలోంచి కదిలితే ఒట్టు. "కన్నతల్లి ఉండే వీధి గురించి వాడు అబద్ధమాడతాడా? మీరు పోండి" అంది. రెక్క పట్టుకుని లాగినా రాలేదు. మేం మెట్లు దిగామో లేదో, ఎదురింటి మీద బాంబు పడింది. ఆ ఇంటివాళ్లు మాతోపాటు కిందే ఉన్నారు, అంతా నీ చలవే.

అమ్మ ప్రాణానికేం కాలేదు. రెండు చెవులూ పోయాయి, ఇక వినపడదని డాక్టరు తేల్చేశాడు. ఆ సాయంత్రం వార్తల్లో నువ్వు దాన్ని "స్వల్ప శబ్దం" అన్నావు.

ఇప్పటికీ వార్తల వేళకి టీవీ పెట్టించుకుని, నీ మొహం చూసి మురిసిపోతోంది. "ఏమంటున్నాడే?" అని అడిగితే నేను తలూపి ఊరుకుంటున్నాను.

పెదాల కదలికను బట్టి మాట పోల్చుకోవడం ఆసుపత్రిలో నేర్పిస్తున్నారు. అమ్మకి అది వచ్చేలోగా ఆ ఉద్యోగం మానెయ్యి.

చెల్లి