మా ఇంట్లో ఇప్పుడు గొడవల్లేవు

పర్చూరు,
ఆదివారం

ఫెబా,

నువ్వూ బెన్నీ విడాకులు తీసుకున్నాక, ఈ ఏడు పండుమిరప పచ్చడి నేనూ మా ఆయనా ఇద్దరమే పెట్టుకున్నాం. ఏటా కాయలు తొక్కేది నేనైతే, ఉప్పు చూసి వేసేది నువ్వు కదా. నాకు అంచనా తెలియక ఎక్కువ వేసేశాను.

మా ఆయన మొదటి ముద్ద తిని “బాగుందే” అన్నాడు. చెంబెడు నీళ్లు తాగి లేచాడు. ఇదివరకైతే “ఏందే ఇది, పచ్చడా, చీరాల సముద్రమా?” అని వీధికంతా వినపడేలా అరిచేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. మీరిద్దరూ పక్కన కూర్చుని మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు.

మీరు విడిపోయినప్పటి నుంచి మేం జాగ్రత్తపడుతున్నాం. ఏ మాట ఎక్కడికి పోతుందోనని ఇద్దరం మింగేస్తున్నాం. మంచిదేలే అనుకున్నాను కొన్నాళ్లు. నిన్న వడ్డిస్తుంటే గుర్తొచ్చింది, మీ ఇంట్లో గొంతు లేవడం నేనెప్పుడూ వినలేదు. మిమ్మల్ని చూసి నేర్చుకోమని పాస్టరమ్మగారు నాకు చెప్పేవారు కూడా.

నిన్ను ఇది అడగకూడదేమో. కానీ ఇంకెవర్ని అడగను? మీకూ ఇలాగే మొదలైందా? ఎప్పుడు నోరు తెరిచి పోట్లాడి ఉంటే మీరు విడిపోవడం ఆగేదో నీకైనా తెలుసా?

ఇందాక ధైర్యం చేసి, “పచ్చడి ఉప్పగా ఉంది కదండీ, ఓ మాట అనొచ్చుగా” అన్నాను.

“కష్టపడి చేశావుగా, పర్లేదులే” అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

పోట్లాడదామనే అడిగాను ఫెబా. నా నోటి వెంట వచ్చింది మాత్రం, “సరేలెండి.”

నీ
స్నేహితురాలు