పేరు రాయని కుండీ

నిడదవోలు,
18-8-1999

ఆశాజ్యోతి గారికి,

దుర్గాశ్రీ పోయిన ఇరవయ్యో రోజున మీ ఉత్తరం అందింది. మీ ప్రయోగశాలలో ఆమె పెంచిన, జన్యువు మార్చిన టమాటా మొక్కల్లో పేరు లేని కుండీని నిబంధన ప్రకారం సోమవారం కాల్చేస్తామని రాశారు. దయచేసి ఆపండి.

ఆమె కడియం నర్సరీల్లో పెరిగిన మనిషి. నంబర్లు గుర్తుండవని ప్రయోగం మొక్కలకు మా బంధువుల పేర్లు పెట్టుకుంది. "మీ అమ్మగారి మొక్కలో జన్యువు తెగ పనిచేసేస్తోందండి" అని నవ్వేది. నా పేరు పెట్టలేదేమని ఒకసారి అడిగాను.

"పెట్టానండి. మీ పేరు నేనెలా రాస్తాను?" అంది.

పెళ్లయిన పదకొండేళ్లలో నా పేరు ఒక్కసారీ పలకలేదు. నోట్‌బుక్‌లో "ఆయన" అని ఉన్న ఆరు నెలల కొలతలన్నీ ఆ కుండీవే. ఆ మొక్క లేకపోతే ఆమె పరిశోధన పూర్తికాదు.

రిజిస్టరుకు పేరు తప్పదంటే "ఆయన" అనే రాయండి. ఆమె రాయనిది మనం రాయడం బాగుండదు.

ఇట్లు,
దుర్గాశ్రీ భర్త