కంచె దాటిన మోరా

2021 సెప్టెంబర్ 11, శనివారం

ఒళ్లు హూనమైంది. మూడు రోజులు గుర్రాల మీద కొండలన్నీ గాలించి మందను కిందికి దించాం. వేసవంతా పైన స్వేచ్ఛగా తిరిగి బలిసినవి, దిగమంటే ఒక పట్టాన దిగవు. అన్నీ వచ్చాయి, మోరా ఒక్కటే రాలేదు. మా మందకు ముందు నడిచే గొర్రె అది. మంచుతుఫాను వస్తోందని మనకంటే ముందే పసిగడుతుంది.

స్టెయినార్ పులుసు ముట్టలేదు. నేను తప్పిపోయినా ఇంత దిగులుపడతావా అని అడిగాను. నువ్వైతే ఫోన్ చేస్తావుగా అన్నాడు. మొగుడంటే ఇలా ఉండాలి.

సెప్టెంబర్ 14

మోరా కనిపించింది. కంచెకు అవతల.

మా తాతల కాలంలో ఎవరో మహానుభావులు పరదేశపు పొట్టేళ్లను తెచ్చి, వాటితోపాటు జబ్బులూ తెచ్చారు. అప్పటినుంచి ఐస్‌లాండ్‌ను కంచెలతో ముక్కలు చేసి పెట్టారు. కంచె దాటిన గొర్రె మళ్లీ ఇవతలికి రాకూడదు. కోసెయ్యాల్సిందే. ఒక్కపూట దాటినా అంతే.

పశువుల ఆఫీసుకు ఫోన్ చెయ్యమన్నాను. చేస్తాలే అన్నాడు. చెయ్యలేదు.

సెప్టెంబర్ 15, మధ్యాహ్నం

పొద్దుటినుంచీ పొగమంచు. స్టెయినార్ జీప్ వచ్చి ఆగింది. వెనక సీట్లో మోరా, మా పెళ్లికి మా అమ్మ అల్లి ఇచ్చిన దుప్పటి కప్పుకుని. కంచె మీదుగా భుజాన వేసుకుని తెచ్చాడట.

బుద్ధుందా నీకు, లోయలో అందరి మందల్నీ ముంచుతావా అని అరిచాను. అటువైపు ఏ జబ్బూ లేదే, నాలుగు రోజులు షికారుకెళ్తే చంపేస్తారటే, ఆ రూల్ రాసినవాడు ఒక్క గొర్రెనైనా పేరు పెట్టి పిలిచాడా అన్నాడు.

నాకు జవాబు తెలియక కాదు. దాని మొహం చూశాను. ఎండుగడ్డి తెచ్చి వేసింది నేనే.

అక్టోబర్ 23

పట్టపగలే తుఫాను. చెయ్యి చాపితే వేళ్లు కనబడలేదు. మంద ఇంటి పైనున్న గట్టు మేతలో ఎక్కడో చిక్కుకుపోయింది. వెతకడానికి వెళ్తే మేమే మిగలం. చీకటి పడేలోపు మోరా ముందు, మిగతావన్నీ దాని వెనక, వరసగా ఇంటికి వచ్చేశాయి.

స్టెయినార్ నా వైపు చూశాడు. నేను మోరాకు ఎండుగడ్డి తెచ్చి వేశాను.

2022 సెప్టెంబర్ 24

ఒడ్నీ పిన్నికి మోరా కూతుర్ని ఇచ్చాం. స్టెయినార్ తల్లి పోయాక అతణ్ని సాకింది పిన్నే. పక్క పొలంలో ఒక్కతే ఉంటుంది, మందే ఆవిడ సంసారం. తన మందలో ముందు నడిచే గొర్రె పోయి ఏడాదిగా బెంగపెట్టుకుంది. దీని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, ఒసే, నీకు మీ అమ్మ తెలివి వచ్చిందో మావాడి తెలివి వచ్చిందో చూద్దాం అంది. అందరం నవ్వాం.

2023 నవంబర్ 6

మోరా పొద్దస్తమానం గోడకేసి రుద్దుకుంటోంది. వీపు మీద ఉన్ని ఊడుతోంది. పేలు అయ్యుంటాయి అన్నాడు స్టెయినార్. నేనూ పేలే అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నవంబర్ 17

మోరాను తీసుకుపోయి చేసిన టెస్ట్ రిజల్ట్ వచ్చింది. వణుకు జబ్బు. మందు లేదు. ఒక్కదానికి వస్తే మంద మొత్తాన్నీ చంపాలి.

ఈ జబ్బు మట్టిలో ఏళ్ల తరబడి దాక్కుంటుందనీ, ఎక్కడినుంచి వచ్చిందో దేవుడే చెప్పాలనీ పశువుల డాక్టర్ అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. స్టెయినార్ వేలాడలేదు.

నవంబర్ 18

పొగబెట్టిన మాంసం, రొట్టె పట్టుకుని పిన్ని వచ్చింది. మీరేం చేస్తార్రా, నొసట అలా రాసి ఉంది అంది. ఊరుకో అబ్బాయ్, గొర్రెలు పెంచకూడని గడువు తీరాక నా మందలోంచి పిల్లల్ని ఇస్తాను, మళ్లీ మొదలుపెట్టండి అంది. స్టెయినార్ లేచి బయటికి వెళ్లిపోయాడు. మగాడు కదా, నా ముందు ఏడవడానికి సిగ్గు అంది పిన్ని.

నిజం చెప్పాల్సింది నేను. కాఫీ పోశాను.

నవంబర్ 24

మోరా కూతురికీ ఉంది. పిన్ని మంద కూడా పోతుంది.

స్టెయినార్ వెళ్లి అంతా చెప్పి వచ్చాడు. పిన్ని ఒక్కటే అడిగిందట: నాకు ఇచ్చేటప్పుడు నీకు తెలుసు కదూ, వాళ్లమ్మ కంచె దాటి వచ్చిందని? తెలుసు అన్నాడట. మీ ఆవిడకి? తెలుసు. అయితే ఆవిడకి కూడా చెప్పు, ఇద్దరూ ఇంక నా గడప తొక్కొద్దు అందట.

తిట్టిందా అని అడిగాను. లేదు అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 30

లారీలు వచ్చాయి. వచ్చిన మనుషులు మంచివాళ్లు, గొంతు పెంచలేదు. లారీ ఎక్కడానికి గొర్రెలు మొరాయించాయి. ముందు నడిచేది లేదు కదా, మోరాను టెస్ట్ కోసం అంతకుముందే తీసుకుపోయారు. చివరికి స్టెయినార్ తనే ముందు నడిచి వాలుగా వేసిన చెక్క మీదుగా లారీలోకి ఎక్కాడు. అతణ్ని నమ్మి అన్నీ వెనకే ఎక్కాయి. వాటి మధ్యనుంచి తోసుకుంటూ దిగేటప్పుడు ఒక్కోదాన్ని పేరుతో పిలిచాడు. అవి తలెత్తి చూశాయి.

నేను వంటింట్లోకి పరుగెత్తి కుళాయి తిప్పాను, ఆ చప్పుడులో వాటి అరుపులు వినపడవని.

తర్వాత లారీలు పిన్ని ఇంటివైపు తిరిగాయి.

2024 మే 12

ఈనే రోజులు. రాత్రంతా హాయిగా పడుకున్నాను. ఇంతకంటే దరిద్రం ఉంటుందా.

సెప్టెంబర్ 7

మందలు దిగాయి. మనకేం పని అన్నాను. స్టెయినార్ వినలేదు, వెళ్లాం. గుండ్రటి పెద్ద దొడ్డి, చుట్టూ ఇంటికో గది. ఎవరి గొర్రెల్ని వాళ్లు కొమ్ములు పట్టి తమ గదిలోకి లాక్కున్నారు. చోటు చాలక గొర్రెలు ఒకదానిమీదొకటి ఎక్కుతున్నా, మా గదిలోకి ఎవరూ ఒక్కదాన్నీ తోలలేదు. పక్కనే ఉన్న పిన్ని గదిలోకీ తోలలేదు.

స్టెయినార్ మా గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. కాసేపటికి పిన్ని వచ్చి తన గదిలో నిలబడింది. మధ్యలో నడుమెత్తు చెక్కగోడ. ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ గొంతు కలిపారు.

పిన్ని ఇటు తిరగలేదు. నేనూ మా గదిలోకి, స్టెయినార్ పక్కకి వెళ్లి తలుపు గడియ పెట్టాను.