ధనుష్కోటిలో మౌనవ్రతం

ఫిబ్రవరి 5, గురువారం. తిరువూరు

రామేశ్వరం షీటు టైపు చేసి జిరాక్సులు తీయించాను. చూడాల్సినవి: పాంబన్ వంతెన, తేలే రాళ్ళు, కోదండరాముడి గుడి, ధనుష్కోటి. చేయాల్సినవి: సముద్ర స్నానం, గుడిలో ఇరవై రెండు బావుల స్నానం, గవ్వల బజారు. ఆ దీవి మొహం నేనెప్పుడూ చూడలేదు. అంతా యూట్యూబు పుణ్యం. నాన్న పదకొండుసార్లు బండి తోలుకెళ్ళాడు గానీ, ఏముంటుందక్కడ అని అడిగితే పార్కింగ్ సంగతి తప్ప ఇంకోటి చెప్పడు.

గైడుగా నాకిది మొదటి ట్రిప్పు. పద్నాలుగు మంది, అందరూ పెద్దవాళ్ళే. ఒక్కరికి ముల్లు గుచ్చుకున్నా మా మౌలాలి ట్రావెల్స్ పేరు పోతుందని పొద్దున్నుంచీ నాన్న ఒకటే వాయింపు.

ఫిబ్రవరి 7, శనివారం. పొద్దున 5

వినగడప నుంచి వచ్చిన సరోజినీదేవిగారు మాట్లాడరట. కూతురు పూజితకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఏడో నెల. ఈసారైనా బిడ్డ దక్కాలని ఈవిడ మొక్కుకున్నారు. ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి ఇరవై రెండో బావి నీళ్ళు నెత్తిన పడేదాకా నోట మాట రాకూడదు. వస్తే మొక్కు చెడినట్టే. ఫోను కూడా ఇంట్లోనే పెట్టేసి వచ్చారు. ఇదంతా చెప్పింది ఆవిడ భర్త సీతారామారావుగారు. ఆవిడ పక్కన నిలబడి తలూపారు.

బండి కదిలేముందు పేర్లు పిలిచాను. అందరూ బడిపిల్లల్లా ఉన్నా, ఉన్నా అంటున్నారు. సరోజినీదేవిగారి పేరు రాగానే ఉందమ్మా అని ఆయన అన్నారు. టిక్కు పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం. శ్రీరంగం

నడుము పడిపోయింది. నెమలి ఊరావిడ సుబ్బాయమ్మగారు ఇడ్లీలో ఉప్పు లేదని కూడా నన్నే తిడుతున్నారు.

ఫిబ్రవరి 9, సోమవారం. సాయంత్రం 5.50. కోదండరాముడి గుడి దగ్గర, బండిలో

సరోజినీదేవిగారు లేరు.

రాయకపోతే ఏడుస్తాను. నేను ఏడిస్తే వీళ్ళంతా మొదలుపెడతారు.

మధ్యాహ్నం ధనుష్కోటి చివరిదాకా వెళ్ళాం. రోడ్డుకి అటూ ఇటూ సముద్రమే. అందరూ తెగ సంబరపడ్డారు. ఐదు కాగానే పోలీసులు ఈలలు వేసి బళ్ళన్నీ వెనక్కి తోలేశారు. వస్తూ వస్తూ కూలిపోయిన చర్చి దగ్గర ఐదు నిమిషాలని ఆపాం. అక్కడికీ వచ్చి లాఠీతో బండి మీద కొట్టాడు ఒకాయన. కంగారులో పేర్లు గబగబా పిలిచాను. సీతారామారావుగారు ముందు సీట్లో కూర్చుని, ఈ ఏడు మామిడి పూత ఎలా ఉందో నాన్నకి చెప్తున్నారు. తల కూడా తిప్పకుండా ఉంది అన్నారు. నేను టిక్కు పెట్టాను. వెనక ఆవిడ సీట్లో ఉన్నది చేతిసంచి ఒక్కటేనని ఇక్కడికొచ్చి దిగేటప్పుడు గానీ తెలియలేదు.

బండి కదిలాక వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఎవరో కుక్కల్ని అదిలిస్తున్నారు అనుకున్నాను. తిరిగి చూడలేదు. ఛీ, నా బతుకు.

ఒక్క కేక వేస్తే ఆగేవాళ్ళం. వేయలేదు. పూజిత బిడ్డ కోసం నోరు మూసుకుని, చప్పట్లు కొట్టుకుంటూ బండి వెనక పరిగెత్తి ఉంటారు.

ఇప్పుడు మా బండిని మళ్ళీ లోపలికి పంపరట. నాన్న, సీతారామారావుగారు పోలీసు జీపులో వెళ్ళారు. వెళ్ళేముందు ఆయన నామీద విరుచుకుపడ్డారు, తలలు లెక్కపెట్టుకోవడం నీ పని కాదా అని. ఉంది అన్నది ఎవరండీ అని అడిగాను. ఆయన వెళ్ళి జీపెక్కేశారు.

6.40

చీకటి పడింది. గాలికి ఇసుక వచ్చి అద్దాలకి కొడుతోంది. ఫోన్లు కలవడం లేదు. ఆవిడకి తమిళం రాదు. వచ్చినా మాట్లాడరు. ఎవరైనా పేరడిగితే ఏం చేస్తారు? నీళ్ళ వైపు నడిస్తే? అల్లా, ఆవిడకి ఏమీ కాకూడదు.

సుబ్బాయమ్మగారు పక్కన కూర్చుని నా వీపు నిమురుతున్నారు. ఆయనకది అలవాటే తల్లీ అంటున్నారు. పెళ్ళికెళ్తే సరోజినికి వంకాయ పడదని కూడా ఆయనే చెప్తాడు, ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉంటుంది అని.

7.20

దొరికారు! దొరికారు!

మా వెనకే రెండు కిలోమీటర్లు నడిచారట. చెప్పు తెగి, అరికాలు చీరుకుపోయింది. చేపలు వేయించే ఒకావిడ మూగమనిషి అనుకుని తన పాకలో కూర్చోబెట్టి టీ ఇచ్చిందట. పోలీసులు ఎంత అడిగినా పేరు చెప్పలేదు. జీపు దిగగానే కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. కొంగుతో నా మొహం తుడిచారు. సీతారామారావుగారు చిన్నపిల్లాడిలా వెక్కుతున్నారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

నేను సంచులకి కాపలాగా గుడి బయటే ఉన్నాను. లోపల జరిగింది సుబ్బాయమ్మగారు చెప్పారు. ఆఖరి బావి దగ్గర, ఈవిడ నోట మొదట ఏ దేవుడి పేరు వస్తుందోనని అందరూ చుట్టూ మూగారట. తడి జుట్టు వెనక్కి తోసుకుని, ఇంకో బకెట్టు పొయ్యవయ్యా అన్నారట.

బయటికి వచ్చి నా ఫోన్‌లో పూజితతో అరగంట మాట్లాడారు. రెండు రంగుల సముద్రం, చేపలావిడ, టీలో అల్లం, అన్నీ. ఆయన ఫోను కోసం చెయ్యి చాపి నిలబడే ఉన్నారు. ఈవిడ పెట్టేసి నా చేతికి ఇచ్చారు. పూజిత బాగుందటండీ, లోపల బిడ్డ బాగా తన్నుతోందట అని ఆయనకి నేనే చెప్పాను.

తర్వాత ఆవిడ నన్ను పక్కకి పిలిచి, చప్పట్లు వినపడ్డాయా అని అడిగారు. లేదని అబద్ధం చెప్పాలనిపించింది. వినపడ్డాయండీ అన్నాను. ఈసారి వినపడితే తిరిగి చూడమ్మాయ్ అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 19, గురువారం. తిరువూరు

సరోజినీదేవిగారు ఫోన్ చేశారు. మళ్ళీ ట్రిప్పు ఎప్పుడు వేస్తున్నారని. ఏ ఊరికని అడగలేదు. రెండు సీట్లు రాసుకోమంటారా అన్నాను.

ఒకటి అన్నారు.