రెండు స్క్రూల పని

మే 31, శుక్రవారం

తేనెసీసా ఈరోజు నా గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంది. తేనెసీసా అంటే మా తోడికోడలు. పేరు నేను పెట్టిందే, మనసులో. నోరు తెరిస్తే చాలు అక్కా అక్కా అని కారిపోతుంది. ఎంబ్రాయిడరీ మిషన్‌కి కట్టిన కంప్యూటర్ ఆన్ చేస్తే అది లేచేలోగా వంట అయిపోతోందట, కాస్త చూసిపెట్టక్కా అంది. ఆఫీసులో అందరి కంప్యూటర్లూ నేనే చూస్తాను. ఇంట్లో కూడా అదేనా అని ఒళ్ళు మండింది. అయినా చూశాను. లోపల పాత హార్డ్ డిస్క్, తిరిగినంతసేపూ టిక్కుటిక్కుమంటోంది. దాని బదులు ఎస్ఎస్‌డీ, అదే కొత్తరకం డిస్క్, వేస్తే పరుగెడుతుందని చెప్పాను. మరిది సాయంత్రానికే కొనుక్కొచ్చాడు. పెళ్ళాం అడిగితే ఆ మనిషి కాళ్ళకు చక్రాలు కట్టుకుంటాడు.

జూన్ 2, ఆదివారం

పొద్దున్నే మొదలుపెట్టాను. పని హాల్లోనే. ఒక గోడకి మిషన్, ఎదురుగోడకి అత్తగారి మంచం. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆవిడకి మాట లేదు. ఏం కావాలన్నా చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడుతుంది. పరుగెత్తేది తేనెసీసా. నేను వినపడనట్టు ఉంటాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్తదానిలోకి క్లోన్ చేసేసరికి భోజనాల వేళయింది. కొత్తది బిగించి స్విచ్ నొక్కితే కళ్ళు మూసి తెరిచేలోగా డెస్క్‌టాప్ వచ్చేసింది. తేనెసీసా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, అత్తగారికి అన్నం కలపడానికి లోపలికి వెళ్ళింది. నేను ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ తెరిచాను. లైసెన్స్ చెల్లదంది. సంగతి వెంటనే అర్థమైంది. ఆ లైసెన్స్‌ని పాత డిస్క్ నంబర్‌కి ముడిపెట్టారు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, కొత్తది ఇచ్చే నాథుడు లేడు. అయినా కొంప మునిగిందేమీ లేదు. పాత డిస్క్ తిరిగి పెట్టేస్తే మిషన్ ఎప్పటిలా నడుస్తుంది. రెండు స్క్రూల పని.

స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే వంటగదిలో మరిది మా ఆయనతో చెప్పడం వినపడింది. ఆసుపత్రి యూనిఫాంల మీద లోగోలు కుట్టే ఆర్డర్ దాదాపు ఖాయమట. శుక్రవారం శాంపిల్స్ చూస్తారట. అది వస్తే వేరే ఇల్లు తీసుకుంటారట. మా ఆయన మంచిదే కదరా అన్నాడు.

మంచిదే! వాళ్ళు వెళ్ళిపోతే ఆ గ్లాసు ఎవరికోసం మోగుతుంది? పక్కబట్టలు మార్చడం, ఒత్తిగిల్లబెట్టడం, తుడవడం. పగలంతా ఆఫీసు, ఇంటికొస్తే ఇది. నా బతుకు బండలైపోతుంది.

స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. లైసెన్స్ పాత డిస్క్‌తోనే నడుస్తుంది, ఆ డిస్క్ కాస్తా ఇప్పుడే చచ్చిపోయింది అని అందరికీ చెప్పాను. ఎవరూ చూడకుండా దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. ఎవరూ చూడకుండా అంటే, అత్తగారు చూసింది. చూస్తే చూడనీ. ఎవరికి చెప్పగలదు?

జూన్ 4, మంగళవారం

తేనెసీసా కంప్యూటర్ షాపులన్నీ తిరిగొచ్చింది. పాత డిస్క్ తెస్తే ఏదైనా చేస్తామన్నారట. ఆఫీసు చెత్తలో పడేశానన్నాను. ముఖం వాడిపోయింది. అయినా, నావల్ల నీ ఆదివారమంతా పాడైంది, ఏమీ అనుకోకక్కా అంది. నాకు క్షమాపణ! నవ్వు ఆపుకోలేక గదిలోకి వచ్చేశాను.

జూన్ 6, గురువారం

శాంపిల్స్ చేత్తో కుడుతోంది. వేళ్ళకి ప్లాస్టర్లు.

సాయంత్రం అత్తగారు గ్లాసు వాయగొట్టింది. తేనెసీసా కుట్టు వదిలి వెళ్ళింది. ఆవిడ చెంచాతో నా హ్యాండ్‌బ్యాగ్ వైపు చూపించింది. అది కుర్చీకి వేలాడుతోంది, డిస్క్ అందులోనే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తేనెసీసా అటు చూసింది, ఇటు చూసింది, దాహమేమో అనుకుని నీళ్ళు పట్టింది. ఆవిడ మింగకుండా పెదాల పక్కనుంచి వదిలేసింది. అదీ తేనెసీసానే తుడిచింది.

జూన్ 7, శుక్రవారం

ఆర్డర్ పోయింది. ఏ రెండు లోగోలూ ఒకలా లేవన్నారట. నేను కడుపునిండా తిన్నాను.

జూన్ 9, ఆదివారం

మధ్యాహ్నం ఎవరో ఆవిడ తలుపు కొట్టింది. ఇంట్లో నేనూ అత్తగారే. మరిదివాళ్ళు తీసుకుంటామన్న ఇంటి ఓనరమ్మట. ఇల్లు కావాలా వద్దా తేల్చమంది. మీ తోడికోడలు అడిగిందని బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించాను, చక్రాల కుర్చీ ఎక్కేలా గుమ్మం మెట్టు కొట్టించి ఏటవాలు చేయించాను, ఇంతా చేయించుకుని ఇప్పుడు వద్దంటే ఎలా అని నన్ను పట్టుకుని దులిపేసింది.

కడ్డీలు ఎవరికి అన్నాను. మీ అత్తగారికే, ఆవిడని తనతో తెచ్చుకుంటానంది కదా అంది.

తేనెసీసా వచ్చాక అడిగాను. తలొంచుకుని ఒప్పుకుంది. నువ్వు ఆఫీసులో అలిసిపోయి వస్తావక్కా, ముందే చెబితే మొహమాటానికి వద్దంటావని చెప్పలేదు అంది.

మొహమాటమట. నాకు!

ముసలావిడని తీసుకుపోయేదాన్ని నేనే చేజేతులా ఆపాను. జాలిగా లేదు. ఎవర్నైనా కొట్టాలని ఉంది.

జూన్ 10, సోమవారం

డిస్క్ చెత్తలో దొరికిందని అబద్ధం కూడా తయారు చేసుకున్నాను. ఈలోగా ఆర్డర్ ఇంకెవరికో ఇచ్చేశారట. తేనెసీసాకి వేరే ఊళ్ళో కుట్టు ఫ్యాక్టరీలో ఉద్యోగం చూశాడు మరిది. ఒకటే గది, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటుందని తేల్చేశారు. అన్నయ్య దగ్గరట!

జూన్ 22, శనివారం

వెళ్ళిపోయారు. అత్తగారు తేనెసీసా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కారు హారన్ కొడుతోంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే నేనే విడదీశాను. వెళ్తూ వెళ్తూ తేనెసీసా, మిషన్ అమ్మేశాం గానీ కంప్యూటర్ నువ్వే ఉంచుకోక్కా, నీ చేత్తో బాగుచేశావు అంది.

జూన్ 23, ఆదివారం

పాత డిస్క్ బిగించాను. ఎందుకో తెలియదు. టిక్కుటిక్కుమంటూ ఎంతోసేపటికి లేచింది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా తెరుచుకుంది. డిస్క్ చప్పుడుకి మంచం మీద తల ఇటు తిరిగింది.

జూన్ 25, మంగళవారం

గ్లాసు మోగింది. అమ్మ పిలుస్తోంది చూడు అని మా ఆయన అటు తిరిగి పడుకున్నాడు. వెళ్ళాను. నీళ్ళు వద్దట. పక్క పొడిగానే ఉంది. కంప్యూటర్ వైపు చెంచా చూపించి, నా ముఖంలోకి చూసి, సగం నోటితో నవ్వింది. నేను గుమ్మం దాటగానే మళ్ళీ కొట్టింది.