కాగితం ఎర్రబడలేదు

అక్కా,

ముందు శుభవార్త విను! నీళ్ళలో నైట్రేటు ఉంటే ఎర్రబడే ఆ పరీక్ష కాగితం, మన బావిలో ముంచితే ఈసారి ఎర్రబడలేదు. నమ్మలేక మూడుసార్లు ముంచాను. నర్సమ్మ కూడా చూసి, "ఇక పసిదాని పాలల్లో ఈ నీళ్ళు కలపొచ్చు" అంది. నీ మనవరాలి కోసం ఇక క్యాన్లు మోయక్కర్లేదు!

బావికి పల్లంలో ఉన్న నీ పెంటకుప్ప వల్లే నీళ్ళు పాడవుతున్నాయని పోట్లాడి, పోయినేడు దాన్ని రోడ్డు అవతలికి మార్పించాను కదా. ఆ తర్వాత కూడా కాగితం ఎర్రబడుతూనే ఉంది. ఆ మాట నీకు చెప్పలేదు.

నేనేమో ఏటా పెద్దవానకు ముందురోజే యూరియా చల్లేసేవాణ్ణి, బాగా కరుగుతుందని. ఈసారి జ్వరంతో మంచాన పడ్డాను. వానలు తగ్గాక నీ మరదలే పైరును చూసుకుంటూ కొంచెం కొంచెంగా వేసింది. మారింది అదొక్కటే! కరిగిందంతా మెరక మీది నా చేలోంచి నైట్రేటై బావిలోకే దిగేదన్నమాట. పైరు మాత్రం ఎప్పటిలాగే పచ్చగా ఉంది.

గంతులేస్తూ చెబితే నీ మరదలు, "మరి వదిన చేత ఆ పెంటంతా ఎందుకు మోయించినట్టు?" అంది.

పాత చోటు చదును చేసి ఉంచాను. ఆదివారం తట్ట తీసుకుని వస్తాను. నేను మోస్తుంటే నువ్వు అరుగు మీద కూర్చుని తీరిగ్గా తిట్టు.

నీ తమ్ముడు